వైకుంఠం సేఠు మెట్లు

శాలిబండ గల్లీలో ఆ ఏడు రాతిమెట్లు పేర్చింది ఎల్లప్పే. తాపీమేస్త్రీగా చేతిలో సత్తువ ఉన్న రోజుల్లో ఒక్కో బండనూ గడ్డపారతో జరిపి, కూలి తీసుకోకుండా పేర్చాడు. మెట్లెక్కి ఎడమకు తిరిగితే వైకుంఠం సేఠు వరండా, కుడికి తిరిగితే వెనకాల ఎల్లప్ప రేకుల గది. అందరిదీ అదే దారి. కానీ సేఠు పెద్దవాడు, సున్నం దుకాణం గలవాడు, తనకు పని చూపినవాడు. అలాంటివాడి ఇంటి ముందు నిలబడి తన పేరు చెప్పి దారి చూపించడం ఎల్లప్పకు మర్యాద అనిపించేది కాదు. గ్యాస్ బండవాడు అడిగినా, పెళ్లిపత్రిక తెచ్చినవాడు అడిగినా "సేఠు మెట్లు" అనేవాడు. సేఠు పోయి తొమ్మిదేళ్లయినా నోటికి అదే అలవాటు.

ఆ నోరే కొంప ముంచింది.

సేఠు కొడుకు జగదీశ్వర్ ఇల్లు అమ్మకానికి పెట్టాక, కొలతలు వేసేవాడొకడు టేపు పట్టుకుని వచ్చాడు. ఎల్లప్ప గడపలో కూర్చుని భార్య కాశమ్మ వాచిన కాళ్లు ఒత్తుతున్నాడు. ఆమె కిడ్నీలు పాడై రెండేళ్లు. సోమవారం, గురువారం ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఒక పక్క తను, ఒక పక్క ఆటో సోమయ్య పట్టి మెట్లు దించాలి. దవాఖానాలో రక్తం శుభ్రం చేయించి, మళ్లీ ఎక్కించాలి.

"తాతా, గీ మెట్లు యాడికి పోతయ్?" అన్నాడు టేపువాడు.

"వైకుంఠం సేఠు ఇంటికి సార్."

"ఇంకెవరిదన్న హక్కు ఉన్నదా?"

"మాదేముంది సార్. సేఠు నీడల బతికినోళ్లం."

టేపువాడు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఎల్లప్ప అతనికి చాయ్ కూడా తెప్పించాడు.

రెండు నెలలకు జగదీశ్వర్ వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"కాకా, ఇల్లు కొన్నోళ్లు మెట్లు తీస్తరట. గోడ లేపుతరట."

"మరి మేమెట్ల దిగాలెరా?"

"అమ్మకం కాయితంల మీ దారి లేదు. రాపిచ్చింది నువ్వే గదా. ఎనక మురికి నాలా పక్కన సందు ఉన్నది గద."

"ఆ సందుల పిల్లి పోతది. మీ చిన్నమ్మ పోతదా?"

జగదీశ్వర్ కాయితం నకలు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

రెండిళ్ల అవతల అద్దెకుండే బిందుమాధవి వకీలు. విజయవాడ వైపు పిల్ల. నకలు చదివి చెప్పింది.

"మెట్లు గల్లీలోంచి పైకి వెళ్లి వైకుంఠం గారి వరండాకు చేరతాయి, అక్కడితో ఆగుతాయి అని ఉంది తాతగారూ. మీ తలుపు నాలా సందులోకి తెరుచుకుంటుందట."

"మెట్లే ఎక్కుతయా బిడ్డా? మనుషులు ఎక్కరా?"

"ఇంగ్లీషులో ఇలాగే రాస్తారండీ. దారి పరిగెడుతుంది, మెట్లు దిగుతాయి, తలుపు ఎటో చూస్తుంది. నడిచేవాళ్లు కనపడరు."

"పేర్చింది నేను. ఆమెను మోసేది నేను. అది రాయరా?"

"మరి వాళ్లు అడిగింది ఎవర్నండీ?"

ఎల్లప్ప "నన్నే" అన్నాడు.

కేసు వేద్దాం, సాక్షులను చూడమంది ఆమె. ఎల్లప్ప గల్లీ అంతా తిరిగాడు. అందరిదీ ఒకటే మాట: "సేఠు మెట్లే గదన్నా. నువ్వే అంటివి గద ఇన్నేండ్లు!" అయినా ఆమె కేసు వేసింది. కోర్టు సెలవుల తర్వాతి తేదీ ఇచ్చారు.

సెలవులు ముగియకముందే, ఒక మంగళవారం మెట్లు పగలగొట్టే మిషన్ వచ్చింది. ఎల్లప్ప పెట్టిన సున్నం గట్టిది. ఆరో మెట్టు దగ్గర మిషన్ రెండుసార్లు మొరాయించింది. డ్రైవర్ తిట్టుకున్నాడు. బుధవారానికి ఆ చోట ఇటుక గోడ ఛాతీ ఎత్తు లేచింది.

గురువారం కాశమ్మను వీపున వేసుకుని సందులో దూరాడు. నాలుగడుగులకే ఇద్దరూ ఇరుక్కున్నారు. సూదులు గుచ్చే చెయ్యి గోడకు గీసుకుని నెత్తురు కారింది. అవతల సోమయ్య ఆటో ఇంజను ఆపకుండానే అరిచాడు: "అన్నా, ఇటు రాదే, ఎనక్కి పో!"

"సోమారం చూద్దాం తియ్యి" అంది కాశమ్మ.

వరసగా రెండుసార్లు తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీళ్లొస్తాయని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. శనివారానికే ఆమె పడుకోలేకపోయింది. కూర్చునే ఊపిరి తీస్తోంది.

ఆదివారం పొద్దున ఎల్లప్ప రేకుల కింద గుంజలు నిలబెట్టి, గడ్డపార తీసుకుని, సందును ఇరుకు చేస్తున్న తన గది గోడనే పొడవడం మొదలుపెట్టాడు. మంచం మీద దుమ్ము పడకుండా ఆమెకు చీర కప్పాడు.

"ఇల్లు కూలగొడ్తవా ముసలోడా" అంది ఆమె, దగ్గు మధ్యన.

"ఊ."

మధ్యాహ్నానికి కుర్చీ పట్టేంత చోటు తెగింది. పొయ్యి ఉన్న చోటు మీదుగా ఆమెను సోమయ్యతో కలిసి ఎత్తి, సందు దాటించి, ఆటోలో కూర్చోబెట్టాడు.

ఆటో పురానాపూల్ వంతెన ఎక్కుతుండగా కాశమ్మ తల ఎల్లప్ప భుజం మీదికి వాలింది. ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. సోమయ్య ముందు బండ్లను తిడుతూ, హారన్ కొడుతూ, సందు దొరికిన చోటల్లా ఆటోను దూరుస్తున్నాడు.

"ఫికర్ చెయ్యకన్నా, పది నిమిషాలు!" అన్నాడు వెనక్కి తిరగకుండా.

ఎల్లప్ప ఆమె పడిపోకుండా నడుం చుట్టూ చెయ్యి బిగించి పట్టుకున్నాడు.