టికెట్టులో పట్టినంత

శనివారం మూడు నుంచి ఐదు దాకా నా కూతురు నాది. మిగతా వారమంతా వాళ్ళ అమ్మది. మూడేళ్ళ కిందట కోర్టు చేసిన పంపకం ఇది. ఆ రెండు గంటలు ఎక్కడ గడపాలో కోర్టు చెప్పలేదు, శనివారం నాకు సెలవూ ఉండదు. అందుకని నేను పనిచేసే బస్ డిపోకే తీసుకొచ్చేవాణ్ణి.

టికెట్ కౌంటర్ల వెనక ఒక గది నాది. కిటికీ లేదు. బల్ల మీద ఎప్పుడు చూసినా ఏడెనిమిది టికెట్ ప్రింటర్లు మూతలు తెరుచుకుని పడి ఉంటాయి. రబ్బరు రోలర్ అరిగినవి, కాగితం ఇరుక్కున్నవి, అచ్చు వేసే హెడ్ కాలిపోయి టికెట్టు నిలువునా తెల్ల గీత పెట్టేవి. వాటిని బాగుచేయడం నా పని. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు పుస్తకం చదవలేను గానీ ప్రింటర్‌కు చెప్పాల్సినవన్నీ అంకెల్లో నాకు నోటికి వచ్చు. క్యూఆర్ కోడ్ కొట్టించాలంటే ఇరవై తొమ్మిది, నలభై, నూట ఏడు అని పిలవాలి. కోడ్‌లో ఒక్కో గడి ఎంత పెద్దగా ఉండాలో చెప్పాలి. చిరిగినా, మరక పడినా ఫోను చదవగలిగేలా ఎంత గట్టిగా కట్టాలో చెప్పాలి. ఆ తర్వాత అందులో రావాల్సిన మాటను లోపల దాచుకోమనాలి. చివర్లో అచ్చు వేయమనాలి. ఈ లోకంలో నేను చెప్పినట్టు వినేవి ఈ డబ్బాలే అని నేనంటే, "అయితే వాటినే కట్టుకోవాల్సింది" అనేది వాళ్ళ అమ్మ, మేమింకా ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో.

ఈమధ్య ఆవిడకు వేరే ఊరికి బదిలీ అయింది. రైల్లో పద్నాలుగు గంటల దారి. ఇక శనివారాలు కుదరవు. బదులుగా వేసవి సెలవుల్లో నెల రోజులు పిల్లను నా దగ్గర ఉంచాలని మా వకీలు అడిగాడు. పిల్లకు పన్నెండు నిండాయి కదా, సోమవారం నేనే ఆ అమ్మాయిని అడుగుతానన్నారు జడ్జిగారు. అంటే నా నెల రోజులు ఇక దాని నోటి మాట మీద ఉన్నాయి.

దానికి ముందు మాకు మిగిలింది ఒక్క శనివారం.

ఆ రోజు అది వచ్చీ రాగానే బల్ల పక్కన స్టూలెక్కి కూర్చుంది.

"ఏమే బుడంకాయ్, తిన్నావా?"

"తిన్నా. బుడంకాయ్ అనొద్దని చెప్పానా లేదా? కౌంటరక్క వింటే డిపో అంతా పాకుతుంది."

కౌంటరక్క అంటే మూడో నంబరు కౌంటర్లో టికెట్లు కొట్టే ఆవిడ. నాకంటే రెండేళ్ళు పెద్ద, డిపో మొత్తానికీ అక్క. "ఎప్పుడో విన్నాలేవే," అని అవతలి నుంచి అరిచింది. "కండక్టర్లందరికీ చెప్పడం కూడా అయిపోయింది. ఇంకేం దాస్తావు?"

పిల్ల పకపకా నవ్వింది. నవ్వడం అయిపోయాక ఒక పాత రోలర్ తీసి వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది.

"నాన్నా, నాకో టికెట్ కొట్టివ్వవా? స్కాన్ చేస్తే ఊరిపేరు కాదు, నువ్వు రాసింది రావాలి."

"ఏం రాయమంటావు?"

"నీ ఇష్టం. నాకేం చెప్పాలనుంటే అది. సోమవారం జేబులో పెట్టుకుని వెళ్తా. జడ్జిగారి గదిలోకి నేనొక్కదాన్నే వెళ్ళాలంట." ఒక క్షణం ఆగి, "నాకు భయంగా ఉంది," అంది.

నేను రాసేలోపు చూడనని చెప్పి కౌంటరక్క దగ్గరికి పరుగెత్తింది.

టైపు చేయడం మొదలుపెట్టాను. మూడేళ్ళుగా కడుపులో ఉన్నది ఒక్కసారిగా తోసుకొచ్చింది. పేజీ నిండింది. పంపితే ప్రింటర్ కిక్కురుమనలేదు. అంత పట్టదని నాకు తెలియక కాదు. రెండంగుళాల కాగితం అది. మన అక్షరం ఒక్కోటి మూడు ఇంగ్లీషు అక్షరాల చోటు తింటుంది, గుణింతాలూ ఒత్తులూ మళ్ళీ విడిగా లెక్క. కోడ్‌ను గట్టిగా కడితే తొంభై పడతాయి. కట్టు బాగా వదులు చేస్తే రెండు వందల పద్నాలుగు. గడి ఇంకా చిన్నది చేస్తే ఇంకొన్ని పడతాయి గానీ, పాత హెడ్ కింద గళ్ళన్నీ కలిసి ముద్దయిపోతాయి.

కట్టు వదులు చేశాను. నలిగితే ఫోను చదవకపోవచ్చు. నాకు చోటు కావాలి.

అప్పుడు కోత మొదలుపెట్టాను. ఈత నేర్పేటప్పుడు అది నా మెడ పట్టుకుని సగం కొలను తాగేసిన సంగతి ముందు తీసేశాను. పాడైన ప్రింటర్లకు గుడ్డపీలికలు చుట్టి ఆసుపత్రి ఆట ఆడిన సంగతి తీసేశాను. శుక్రవారం సాయంత్రం నుంచే నాకు అన్నం సయించదని రాసింది తీసేశాను. ఇవన్నీ దానికి తెలిసినవేగా. దానంటే నాకు ప్రాణమని దానికి తెలియదా? తెలియనిది చెప్పాలి. ఆ ఇంట్లో ఆవిడ తన వైపు మాటే చెబుతుంది, నా వైపు మాట ఎవరు చెబుతారు? అలా అనుకుంటూ కోశాను. చివరికి ఇది మిగిలింది:

"మీ అమ్మే ఇల్లు వదిలింది, నేను కాదు. మూడుసార్లు పిలిచాను, రాలేదు. చదువు లేనివాడినని మీ తాతయ్య ముందు నవ్వింది. కోర్టుకు వెళ్ళింది ఆవిడే. నిన్ను నాకు దూరం చేసింది కూడా ఆవిడే. నా తప్పు లేదు. నేను ఒంటరిగా ఉన్నాను. సోమవారం నిజం చెప్పు."

పైన బుడంకాయ్ అని పెడదామనుకున్నాను. అది పట్టలేదు.

ప్రింటర్ గరగరలాడి టికెట్టు కక్కింది. నల్లగా, నిండుగా, ఎక్కడా గీత లేకుండా వచ్చింది. మంచి పని చేశాననే అనుకున్నాను.

పిల్ల కౌంటరక్క ఫోను పట్టుకుని వచ్చింది. "సోమవారం దాకా ఆగడం నా వల్ల కాదు," అంటూ స్కాన్ చేసింది. దాని పెదాలు కదులుతుంటే చూస్తూ నిలబడ్డాను. మొదటి వాక్యం దగ్గర నవ్వు పోయింది. చివరిదాకా వెళ్ళి, ఫోన్లో పైకి జరిపి మళ్ళీ మొదటినుంచి చదివింది. దేన్నో వెతుకుతున్నట్టు చదివింది.

"ఇందులో నేను లేను నాన్నా."

"నీ కోసమే కదే రాసింది!"

"నా కోసం రాశావు. నా గురించి ఏం లేదు."

గుమ్మం దగ్గర కౌంటరక్క టీ గ్లాసుతో ఆగిపోయింది. గోడ గడియారం ఐదుకు నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"ఉండు, ఇంకోటి కొడతా. ఒక్క నిమిషం," అని కూర్చున్నాను. సెలవుల్లో రా, మళ్ళీ ఈతకు వెళ్దాం, నువ్వు లేకపోతే నాకేం తోచదు అని గబగబా కొట్టాను. నా వేళ్ళకు ఇరవై ఏళ్ళుగా అలవాటైన అంకెలే. అయినా ఆ తొందరలో దాచుకోమని చెప్పే వరసలో ఒక అంకె తప్పు పడింది. ప్రింటర్ నాలుగు పిచ్చి అక్షరాలు కక్కి, వాటి కింద కోడ్ వేసింది. పిల్ల స్కాన్ చేసింది.

"మళ్ళీ అదే వచ్చింది. మీ అమ్మే ఇల్లు వదిలింది అని."

కొత్త మాట లోపలికి పోకపోతే, అచ్చు వేయమనగానే అంతకుముందు దాచుకున్నదే వేస్తుందది. ఒకసారి స్విచ్చి ఆపి మళ్ళీ వేస్తే అంతా చెరిగిపోతుంది. అదే చెప్పబోతుంటే గేటు దగ్గర హారన్ మోగింది.

"అమ్మ వచ్చింది, నేను వెళ్ళాలి."

"అర నిమిషం ఆగవే."

"అమ్మ ఎదురుచూస్తుంది నాన్నా."

"చూస్తే చూడనీ! మూడేళ్ళు నేను చూడలేదా? ఆవిడ అర నిమిషం చూస్తే అరిగిపోతుందా?"

"తమ్ముడూ, నోరు!" అంది కౌంటరక్క.

పిల్ల ఫోను ఆవిడకిచ్చి, సంచీ భుజాన వేసుకుని, రెండు టికెట్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి వెళ్ళిపోయింది. విసిరికొట్టినా బాగుండేది. అది వాటి అంచులు కూడా సరిచేసి పెట్టింది.

సోమవారం జడ్జిగారి గదిలో ఇరవై నిమిషాలు ఉంది. నేను వరండాలో ఒక చివర, వాళ్ళ అమ్మ ఇంకో చివర. తర్వాత వకీలు నన్ను పక్కకు పిలిచాడు.

"సెలవులకు రానంది. ఆదివారం ఆదివారం పది నిమిషాలు ఫోన్లో మాట్లాడుతుందట. దానికి ఒప్పుకుంది."

"నేనంటే కోపమని చెప్పిందా?"

"లేదయ్యా. ఇష్టమనే చెప్పిందట." ఆయన చేతిలోని కాగితం చూసుకున్నాడు. "నాన్న నాతో మాట్లాడుతున్నప్పుడు కూడా అమ్మతో పోట్లాడుతున్నట్టే ఉంటుంది అందట. నెల రోజులు అది వినలేనందట. పై కోర్టుకు వెళ్దామా? పిల్లకు ఎవరో నూరిపోశారని వాదించొచ్చు."

"నూరిపోసింది నేనే," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాను.

వాళ్ళు ఊరు మారి ఐదు వారాలైంది. ఆదివారం సరిగ్గా పదింటికి ఫోను చేస్తాను. కొత్త బడి ఎలా ఉందని అడుగుతాను, బాగుందంటుంది. ఏం తిన్నావంటే చెబుతుంది. వాళ్ళ అమ్మ ఊసు ఎత్తకూడదని ముందే అనుకుని కూర్చుంటాను. అది పక్కన పెడితే నా దగ్గర ఎంత తక్కువ మాటలున్నాయో ఇప్పుడు తెలుస్తోంది. మొన్నటి ఆదివారం ఆరు నిమిషాలకే అయిపోయాయి. ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టేయలేదు. మిగతా నాలుగు నిమిషాలూ దాని గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను.