తపస్సు మాను ఫైలు

పొద్దున తొమ్మిదికి షట్టరు లేపడం, వాకిట్లో నీళ్లు చల్లడం, కంప్యూటరుకు ఊదుకడ్డీ చూపించడం. పాకాల స్టేషన్ రోడ్డులో స్రవంతి దినామూ చేసే పని ఇది. తెర నీలంగా తిరగబడితే ఇంకో ఊదుకడ్డీ. ఆ వీడియో షాపులో కెమెరా పట్టేది ఓనరు ధనశేఖర్. క్యాసెట్టులో ఉండేదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, కత్తిరించి, సీడీ కొట్టేది స్రవంతి.

తెరుసుకోని ఫైలు ఏదన్నా ఉంటే దానికి రెండు మందులు. మొదటిది నెట్ సెంటర్ నుంచి ఫ్లాపీలో తెచ్చుకున్న రిపేరు సాఫ్ట్‌వేరు. దానికి లొంగలేదంటే సీపీయూ పక్కరేకు ఊడదీసి, డబ్బాను చేట మీదికి వంచడం. ఫైల్లో ఉండే బొమ్మలు మల్లెమొగ్గల మాదిరి, గొంతులు మరువం రెబ్బల మాదిరి జలజలా రాలతాయి. మెట్ల మీద పూలమ్మే వరలక్ష్మమ్మవ్వ వాటిని ఒక మొగ్గ, ఒక రెబ్బగా దారానికి కడతాది. ఆ దండను తిరిగి డబ్బాలోకి వదిలి రేకు బిగిస్తే ఫైలు ఆడతాది. అవ్వకు ఒక టీ. రెబ్బ ఒకటి ముందుకో ఎనక్కో పడిందా, పెండ్లికూతురు నోరు మూసినాక మాట వినపడతాది. పోయిన ఏడాది ఒక పెండ్లిలో పంతులు నోరు తెరిస్తే నాదస్వరం మోగింది. "ఎండకు కండ్లు ఆనలేదు" అనింది అవ్వ, అంతే.

ఆ బేస్తవారం ఇద్దరు వచ్చినారు. పెద్దాయన మునస్వామి, పక్క పల్లెలో ఏటేటా ఆడే భారతంలో ముప్పై ఏండ్లుగా అర్జునుడు. శివుని కోసం అర్జునుడు తపస్సు చేసే ఎత్తైన కంబం, అదే తపస్సు మాను, ఎక్కేది ఆయనే. పదహైదు మెట్లు, మెట్టుకో పద్యం. పైకి పోయి నిమ్మకాయలు ఇసిరితే, బిడ్డల కోసం మొక్కుకున్న ఆడోళ్లు తడి చీరలతో కింద కొంగు పడతారు. పద్యాలు కాయితం మీద పెట్టకూడదని ఆ ఇంటి కట్టుబాటు. నోటి నుంచి నోటికే పోవాల. ఈ చలికాలం గొంతుకు ఆపరేషన్ అయినాక ఆయన నోట గాలి తప్ప మాట రావడం లేదు. పక్కనుండేది తమ్ముడి కొడుకు ధనంజయ, రేణిగుంటలో ఫ్యాక్టరీ పని.

"అక్కా, నిరుడు మీ ఓనరు తీసిన తపస్సు సీడీ కావాల" అన్నాడు ధనంజయ. "ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం మానెక్కేది నేను. పద్యాలు దాంట్లోనే ఉండాయి."

"కాయితం మీద పెట్టకూడదంట, కెమెరాలో పెట్టొచ్చా?" అనింది స్రవంతి.

"కెమెరా కాయితం కాదు కదక్కా. పెద్దోళ్లూ అదే అన్నారు."

"నీకు రాకపోతే ఏమవుతాది?"

"వేలూరు తట్టు నుంచి వేరే జట్టును పిలుస్తారంట. ఒకసారి ఎవురు ఎక్కితే ఆ మెట్లు వాళ్లవే. మా పెదనాయన ఇంటికి ఆ హక్కు ఇంక పోయినట్టే."

మునస్వామి ఏమీ ఎరగనట్టు తుండుగుడ్డ మడతలు సరిచేసుకుంటా ఉన్నాడు.

స్రవంతి ఫైలు నొక్కింది. రాలేదు. లోపలికి పోయి చూస్తే ఫైలే లేదు. దాని బదులు పేరూ ఊరూ లేని ముక్కలు నలభై ఉండాయి. ఆయమ్మికి అప్పుడు గ్యాపకం వచ్చింది. నిరుడు ఆ క్యాసెట్టు ఎక్కతా ఉంటే తను అన్నానికి పోయింది. వచ్చేసరికి కరెంటు పోయి వచ్చి, కంప్యూటరు తనే లేచి, డిస్కంతా సర్దుకొని, మంచిదాని మాదిరి కూర్చోని ఉండాది. ఎక్కిపోయిందిలే అనుకునింది. తెరిచి చూడలేదు. వీడియో ఫైలు యా బొమ్మ ఎన్నోదో ఒక పట్టీ రాసి పెట్టుకుంటాది, అదీ అంతా అయినాక, కడాన. కడాకు రాకముందే కరెంటు పోతే బొమ్మలుంటాయి, పట్టీ ఉండదు.

"పోనీలే, క్యాసెట్టు ఉండాది కదక్కా?"

"దాని మీద మర్నాడే పెండ్లి ఎక్కేసింది."

"ఎవురి పెండ్లి?"

"ఎవురిదైతే ఏమి" అనింది స్రవంతి. అయినాక తల వంచుకునింది. "తప్పు నాదే."

డబ్బాను చేట మీదికి వంచింది. నలభై కుప్పలు రాలినాయి. అవ్వ వచ్చి ఒక మొగ్గ ఎత్తి ఎండకు పెట్టి చూసింది.

"అన్నీ ఒకటే మాదిరి ఉండాయే పాపా. మానూ, మనిషీ, ఆకాశం. కుప్పలో వరస బాగానే ఉండాది గానీ, యా కుప్ప ముందు, యాది ఎనక?"

"ఒక మెట్టు పద్యం ఇంకో మెట్టు మీద పాడితే నన్ను ఆడికాడే దింపేస్తారు" అన్నాడు ధనంజయ.

మునస్వామి లేచినాడు. అటకకు ఆనించిన నిచ్చెన తెచ్చి షాపు మధ్యలో దూలానికి ఆనించి, చెప్పులు ఇడిచి, దండం పెట్టుకొని మొదటి మెట్టెక్కినాడు. కుడిచెయ్యి పైకెత్తి పెదాలు కదిలించినాడు. చప్పుడు లేదు. స్రవంతికి తట్టింది. మరువం రెబ్బను చెవికాడ పెట్టుకుంటే అది పాడతాది. కుప్పకొక రెబ్బ చెవిలో పెట్టుకొని ఆయన పెదాలు చూస్తా పోయింది. ఏడో కుప్పకు పాటా పెదాలూ కలిసినాయి.

"ఇది కట్టవ్వా."

అట్లా మూడు దినాలు. నిచ్చెనకు తొమ్మిదే మెట్లు, అందుకని మునస్వామి దిగొచ్చి కింది మెట్టునే పదోదని ఎక్కినాడు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినోళ్లు నిచ్చెన పక్కన దూరి ఫోటో దిగి పోయినారు. పద్నాలుగో మెట్టు అయ్యేసరికి చేట కాళీ. పదహైదోదానికి మిగిలింది ఒకటే రెబ్బ, మొగ్గ లేని ఒంటి రెబ్బ. స్రవంతి చెవిలో పెట్టుకునింది. పద్యం లేదు. పద్యానికి ముందు గట్టిగా పీల్చిన ఊపిరి, అంతే. నిరుడు ఆడికే కరెంటు పోయింది.

"ఇది చెత్తవ్వా. దీనికి బొమ్మ లేదు."

"నేను రెబ్బ పారేయడం ఎప్పుడన్నా చూసినావా మే?" అని అవ్వ దాన్ని మునస్వామి తుండుగుడ్డ కొసకు ముడేసింది.

దండ లోపలికి పోయింది, ఫైలు ఆడింది. ధనంజయ డ్యూటీకి లీవు పెట్టి షాపులోనే కూర్చోని పద్నాలుగు పద్యాలు పట్టేసినాడు. పదహైదోదానికి మునస్వామి పెదాలు చూసి పోల్చబోయినారు. నాలుగు మాటలు దొరికినాయి, మిగతావి దొరకలేదు.

ఆదివారం స్రవంతి "ఈసారి కెమెరా నేను పడతా" అని ఓనరుతో చెప్పి భారతం మిట్టకు పోయింది. ఎండ పొడిసే ఏళకు ధనంజయ మానెక్కినాడు. ఒక్కో మెట్టుకు ఒక్కో పద్యం, ఎక్కడా తడబడలేదు. పదహైదో మెట్టు మీద నిలబడినాడు. నోరు తెరిచినాడు, మూసినాడు. కింద తడి చీరలతో ఆడోళ్లు కొంగులు పట్టుకొని ఉండారు. ఊరి పెద్ద కుప్పయ్య కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూసినాడు.

"ఏమప్పా, మర్సిపోయినావా? దిగిపో మరి."

మాను మొదట్లో నిలబడిన మునస్వామి తుండుగుడ్డ ముడి ఇప్పినాడు. రెబ్బ వాడిపోయింది, వాసన మాత్రం పోలేదు. లవంగం మాదిరి నాలిక కింద పెట్టుకున్నాడు. ఏడాదిగా నిలిచిపోయిన ఊపిరి ఆయన రొమ్ములో కదిలింది, పద్యం బయటికి వచ్చింది. అంత పెద్ద గొంతు కాదు, అయినా మిట్టంతా వినపడింది. ఒక్కో పాదం కింద ఆయన అంటే, పైన ధనంజయ అన్నాడు. నాలుగో పాదం అయినాక నిమ్మకాయలు రాలినాయి.

మునస్వామి వాడిన ఆకును అరచేతిలోకి ఊసుకొని చూసినాడు. అది తునకలు తునకలు అయిపోయి ఉండాది. ఆ తరువాత ఆయన గొంతు మళ్లీ పలకలేదు. పలికించాలని ఆయనా చూడలేదు.

"వచ్చే ఏడు గూడా ఈ పిల్లోడే ఎక్కుతాడు" అన్నాడు కుప్పయ్య, తమలపాకులకు సున్నం రాసుకుంటా.

సాయంత్రం షాపుకు వచ్చేసరికి ధనశేఖర్ చెయ్యి సాపినాడు.

"రేపు దామలచెరువులో పెండ్లి ఉండాది. ఆ క్యాసెట్టు ఇటు తే."

"అది ఇయ్యనన్నా. కొత్తది కొనుక్కోండి."

క్యాసెట్టు వీపున చిన్న మీట ఒకటి ఉంటాది. దాన్ని పక్కకు జరిపితే ఇంక దాని మీద ఏదీ ఎక్కదు. ఇన్నేండ్లలో ఆ షాపులో ఎవురూ దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. స్రవంతి గోటితో దాన్ని జరిపింది. క్యాసెట్టును కెమెరాలో పెట్టి మొదటి నుంచీ ఆడిచ్చి, పదహైదో పద్యం దాకా చూసుకునింది. అప్పుడు పోయి అవ్వకు టీ చెప్పింది.