చిన్నది, నడిపిది, సక్కుబాయి

"ఓ పెద్దదానా, చిన్నదాన్ని పప్పుల ఉప్పెయ్యుమను" అని అత్తమ్మ అర్రలోంచి కేకేసింది. రొట్టెలు కొడుతున్న మా పెద్ద తోడికోడలు, పెద్దక్క, తలెత్తేలోపే నేను వేశాను. తర్వాత లీల కూడా వేసింది. తప్పెవరిది? ఇన్నేళ్లూ ఈ ఇంట్లో చిన్నదాన్ని నేనే. మరిది పెళ్లయి లీల ఈ గడపలో అడుగుపెట్టగానే ఆ పేరు ఆమెదైంది, నడుమ పడ్డ నేను నడిపిదాన్నయ్యాను. ఆ సంగతి నా చెవులకింకా తెలియలేదు.

మొదటి ముద్దకే మా ఆయన శ్యాంసుందర్‌రావు కంచం నెట్టేశాడు. "నీ సోయంత గా డబ్బా మీదనే ఉన్నది. గియ్యాల అది నడువకుంటే నౌకరి బంద్ జెయ్యి." ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి, అందరికీ పెట్టి ఉరికే నౌకరి అది. అది పోతే నాకు ఊపిరాడదు.

డబ్బా అంటే ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగు మిల్లు కోసం మా కంపెనీ చేసిన చిన్న కంప్యూటరు. పత్తి తూకాలు రాసుకుంటుంది. తూకాలు దాచుకునే డిస్కులో చోటు చాలక రెండోది తగిలించాం. అప్పటినుంచి మొండికేసింది, ఎంతకీ లేవదు. కొత్త డిస్కు మార్చినా అంతే. ప్రోగ్రాం రాసింది నేను కనుక మా ఆఫీసు పెద్ద లింగమూర్తి సారు నావైపే చూస్తున్నాడు.

బస్సులో ఆ ఉప్పు పప్పు తలుచుకుంటే నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది. డబ్బాదీ ఇదే గోస కదా! కరెంటు రాగానే ముందు కనబడ్డ డిస్కును 'ఒకటి' అంటుంది, తర్వాతిదాన్ని 'రెండు' అంటుంది. కొత్తది ముందు కనబడి ఒకటైపోయింది, పాతది రెండైంది. 'ఒకటి'లోంచి లేవమని నేనే రాశాను. పాపం, డబ్బా ఖాళీ డిస్కులో వెతుక్కుంటోంది. కావలసిందంతా పాతదాంట్లోనే ఉంది, దాన్ని పిలిచేవాళ్లు లేరు.

బస్సు ఆగీ ఆగకముందే దిగి ఆఫీసులో ఉన్న డబ్బా దగ్గరికి పరుగెత్తాను. పాత డిస్కు లోపల 'తూకం' అని పేరు రాశాను. ఎన్నోదని చూడకు, తూకం ఎక్కడుందో వెతుక్కో అని ప్రోగ్రాం మార్చాను. స్విచ్ వేస్తే పచ్చ దీపం వెలిగింది. వైర్లు అటువి ఇటు మార్చాను, మళ్లీ వెలిగింది! చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేశాను. ఏం జేసినవమ్మా అని సారు అడిగితే, పేరు పెట్టిన సార్ అన్నాను.

ఇంటికొచ్చి డబ్బా నడిచిందని, నౌకరి బంద్ కాదని మా ఆయనకు చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నడిపిదానా, చాయ్ వెట్టు" అన్నది అత్తమ్మ.

నేను కదల్లేదు. "నా పేరు సక్కుబాయి అత్తమ్మా. గట్లనే పిలువుండ్రి. ఇంకెందరు కోడండ్లొచ్చినా, నేను యాడున్నా పలుకుత."

పొయ్యి దగ్గర పెద్దక్క నన్నే చూస్తోంది. ఎంత తలుచుకున్నా ఆమె పేరు నాకు గుర్తు రాలేదు.

"అక్కా, నీ పేరేంది?" అని అడిగాను.

ఆమె చేతుల పిండి దులుపుకుంది. "తారాబాయి" అన్నది.