ఒక్కసారి ఇటు చూడు

"ఇంకో విడత తిప్పు నెస్తాన్. నూనె పైకి తేలాలి. జూదం మరిగిన చేతులకి ఓపిక ఎక్కణ్ణించి వస్తుందిలే!"

అత్తగారు జుజునా ఈ మాట నవ్వుతూనే అంది. కొత్తిమీర తుంచుతున్న ఆడపడుచు ఇంగా ఫక్కుమంది. నెస్తాన్ అక్రోటు పప్పుని మళ్ళీ మరలో పోసి పిడి తిప్పసాగింది. ఇవాళ జుజునా పుట్టినరోజు. టర్కీ కోడి ఉడికింది, దాన్ని అక్రోటు ముద్దలో వేసి చల్లార్చాలి. వంకాయలు వేయించాలి. మొక్కజొన్న రొట్టెలు కాల్చాలి. పెరట్లో ఆమె భర్త గోచా ఎండిన ద్రాక్ష తీగల నిప్పుల మీద మాంసం కాలుస్తున్నాడు. అతను చేసే పని అదొక్కటే. వచ్చినవాళ్ళు పొగిడేదీ దాన్నొక్కదాన్నే.

విందు పుట్టినరోజుకి మాత్రమే కాదు, నెస్తాన్‌ని క్షమించడానికి కూడా. ఆ మాట ఇంగాయే నిన్న ఫోన్ చేసి చెప్పింది. "అన్నయ్య మనసు వెన్న వదినా. ఇంకొకడైతే నిన్ను పుట్టింటికి తరిమేసేవాడు."

పుట్టిల్లంటే ఇప్పుడు ఒక్క గది. రియోని నది గట్టున, మూడో అంతస్తులో, కింద పెరట్లోంచి పాకిన ద్రాక్ష తీగ బాల్కనీ దాకా వచ్చే గది. అమ్మ పోతూ నెస్తాన్ పేర రాసింది. సోమవారం దాని అమ్మకం కాగితం మీద నెస్తాన్ సంతకం పెట్టాలి. ఆమె పేర పెరిగిన జూదం అప్పులు దాంతో తీరతాయి. అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు, సంతకం పెట్టాల్సిన మనిషి తప్ప.

నెస్తాన్ జన్మలో ఒక్క పందెం కాయలేదు.

కిందటి వసంతంలో ఒక మధ్యాహ్నం ఆమె పిండి కలుపుతుంటే గోచా ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "ఒక్కసారి ఇటు చూడు" అన్నాడు. ఆమెకి సిగ్గేసింది. పెళ్ళినాటి ఫోటోల తర్వాత అతను ఆమెని ఫోటో తీసిన గుర్తే లేదు. పిండి చేత్తోనే జుట్టు సవరించుకుంది. నుదుటి మీద తెల్లటి చార పడింది. "బాగానే ఉన్నావులే. కళ్ళార్పు. తల కొంచెం పక్కకి తిప్పు. నవ్వక్కర్లేదు" అని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఆమె కూనిరాగం తీస్తూనే ఉంది. తర్వాత అప్పుడప్పుడూ వచ్చేవాడు. ఒక్కసారి ఇటు చూడు. ఆమె వంటింట్లో కూడా చెవిపోగులు పెట్టుకోవడం మొదలుపెట్టింది. గోచాది నగరపాలక కార్యాలయంలో ఉద్యోగం. అలాంటి ఉద్యోగులు జూదం ఆడకూడదని చట్టం. అతని మొహం చూస్తే జూదం సైటు తెరుచుకోదు. అందుకని ఆమె మొహంతో తెరుస్తున్నాడు. ఈ సంగతి ఆమెకి తెలిసింది, అప్పులవాళ్ళు వచ్చి జుజునా ముందుగదిలో కాళ్ళు చాపుకుని కూర్చున్న రోజున. గోచా తల దించుకుని అన్నాడు, "ఎలా చెప్పాలో తెలీక దాచానమ్మా. నెస్తాన్ ఆడుతోంది."

"నేను కాదు!" అని అరిచింది నెస్తాన్.

ఇంగా ఫోన్‌లోంచి తలెత్తింది. "ఒప్పుకోకపోవడం మొదటి లక్షణమట వదినా. ఇక్కడ రాశారు." నెస్తాన్ గోడకి ఒదిగి నిలబడింది. "ఇలా ముడుచుకుపోవడం రెండోదట." నెస్తాన్ ఏడ్చింది. "ఇదుగో, ఇది మూడోది" అంది ఇంగా.

ఆ వార్త ఆమె పనిచేసే మందుల షాపు దాకా ఎవరు మోశారో చెప్పక్కర్లేదు. యజమానురాలు గల్లాపెట్టె తాళం తీసేసుకుంది. "నీ మంచికేనమ్మా. డబ్బు కంటపడితే మీలాంటివాళ్ళ మనసు ఆగదట" అంటూ వెనక గదిలో అట్టపెట్టెలు సర్దే పనిలో పెట్టింది. ఇన్నేళ్ళుగా ఆమె చేతి లెక్కలో ఒక్క చిల్లర నాణెం తేడా రాలేదు. ఆ సంగతి యజమానురాలికి గుర్తున్నట్టు లేదు.

అత్తా ఆడపడుచూ బల్ల సర్దడానికి ముందుగదిలోకి వెళ్ళారు. అప్పుడే ఫ్రిజ్ మీద చార్జింగుకి పెట్టిన గోచా ఫోన్ మోగింది. నెస్తాన్ చెయ్యి తుడుచుకుని అందుకుంది.

"నెస్తాన్ గారేనా? మీరు ఆడే సైటు నుంచి మాట్లాడుతున్నానండి. ఆటగాళ్ళు బాధ్యతగా ఆడేలా చూసే విభాగం మాది. కొన్ని ప్రశ్నలు అడగొచ్చా? అందర్నీ అడిగేవే."

లేత గొంతు. కాగితం చూసి చదువుతున్నట్టుంది.

"అడుగమ్మా."

"పోయిన డబ్బు రాబట్టుకోవాలని మళ్ళీ ఆడుతుంటారా?"

ఒక్క వారం ఓపిక పట్టు, అంతా తిరిగొస్తుంది అంటూ గోచా ఆమె వేలి నుంచి అమ్మ ఉంగరం ఊడదీసిన రోజు గుర్తొచ్చింది. "ఆఁ."

"ఇంట్లోవాళ్ళకి అబద్ధాలు చెబుతారా?"

"చెప్పనిదెప్పుడు?"

"ఆడే వీలు లేకపోతే చిరాకు, కోపం వస్తాయా?"

మొన్న నెట్ పోయినప్పుడు గోడకి తగిలి పగిలిన పళ్ళెం ముక్కలు ఏరింది ఆమే. "వస్తుంది. పళ్ళెం విసిరేంత."

"మీ బాధ ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకుంటారా?"

నెస్తాన్ మర పిడి పట్టుకుని నిలబడిపోయింది. ఈ ఇంట్లో ఆమెని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. జీతానికి చదువుతున్న ప్రశ్న అని తెలుసు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేదమ్మా."

"ఇది సరదా ఆట దాటిపోయింది మేడమ్. వ్యసనం లక్షణాలు కనిపిస్తున్నాయి." కాగితం తిప్పిన చప్పుడు. "ఇంకోటి... మీలాంటి విలువైన ఆటగాళ్ళకి ఈ వారం ఉచిత పందాలు ఇస్తున్నాం."

"అది కూడా చదవాలా?"

"చదవాలండి" అంది ఆ పిల్ల, గొంతు తగ్గించి.

"ఆడేది నేను కాదంటేనో?"

"చాలామంది అలాగే అంటారు మేడమ్. మొహం మీదేగా? మొహం ఇచ్చినవాళ్ళదే బాధ్యత."

నెస్తాన్ కిటికీలోంచి చూసింది. గోచా మాంసం ఊచలు తిప్పుతూ ఎవరి జోక్‌కో పగలబడి నవ్వుతున్నాడు.

"శాశ్వతంగా మూసేయొచ్చా?"

"వ్యసనం అనే కారణం మీ పేరు పక్కన ఉండిపోతుంది. ఫర్వాలేదా?"

ముందుగదిలోంచి జుజునా గొంతు వచ్చింది. "మా జూదగత్తె ఏమైంది? బల్ల మీదికి ఉప్పే రాలేదు!"

"ఉండిపోనీ" అంది నెస్తాన్. "ఇప్పుడు మాత్రం లేదా ఏమిటి."

"గుర్తింపు కోసం మీ అమ్మగారి పేరు చెప్పండి."

"పత్మాన్."

"మూసేశాను మేడమ్. రేపు పొద్దుటిదాకా మనసు మార్చుకునే వీలుంది, మీ మొహం చూపిస్తే తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఎవరు చూపించినా తెరుచుకోదు."

నెస్తాన్ ఫోన్‌ని మళ్ళీ ఫ్రిజ్ మీద పెట్టి, ఉప్పు తీసుకుని వెళ్ళింది.

గోచా ఫోన్ జేబులో వేసుకుని, విందుపెద్ద హోదాలో, తామాదాగా బల్ల చివర కూర్చున్నాడు. అతని కుడిపక్క ఓతార్. ఆఫీసులో గోచాకి పై అధికారి, వాళ్ళ పెళ్ళికి సాక్షి. తామాదా లేచి ఎవరికోసం తాగాలో చెబితేగానీ గ్లాసు పెదవికి తగలదు. శాంతి కోసం తాగారు. పోయినవాళ్ళ కోసం తాగారు. కన్నతల్లి కోసం తాగారు. నెస్తాన్ మాత్రం వంటింటికీ బల్లకీ మధ్య తిరుగుతూనే ఉంది. గోచా మళ్ళీ లేచాడు.

"ఇప్పుడు మా ఆవిడ కోసం! మనిషన్నాక తప్పు చేస్తుంది. తప్పు చేసిన ఆడదాన్ని గెంటేసేవాడు మగాడు కాదు, కడుపులో పెట్టుకునేవాడు మగాడు. గౌమార్జోస్, ఆమెకి జయం!"

"నీలాంటివాడు లక్షల్లో ఒకడు తమ్ముడూ" అన్నాడు ఓతార్, కళ్ళు తుడుచుకుంటూ. "చూశావా చెల్లెమ్మా, ఎంత అదృష్టవంతురాలివో!"

గోచా గ్లాసు ఆమె వైపు చాపాడు. "అలవెర్ది నీకే నెస్తాన్."

తామాదా మాటని అలా ఒకరికి అప్పగించాడంటే, వాళ్ళు ముగించేదాకా బల్ల మీద ఎవరూ అడ్డుపడకూడదు. అతను కూడా. గోచాకి ఆ భయమేమీ లేదు. ఏం మాట్లాడుతుంది? ఏడుస్తుంది, కాళ్ళు పట్టుకుంటుంది, సోమవారం సంతకం పెడతానంటుంది.

నెస్తాన్ ఏప్రన్‌తోనే బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

"అత్తయ్య నూరేళ్ళు చల్లగా ఉండాలి. మీరంతా పెద్ద మనసుతో నన్ను క్షమించారు. క్షమించాక నేను మారాలి కదా. ఇందాక సైటువాళ్ళు ఫోన్ చేశారు. నాకు జూదం వ్యసనమని నా నోటితోనే ఒప్పుకుని, నా పేర ఉన్న ఖాతాని జన్మకి మూయించేశాను. అప్పు నా పేర ఉంది, నా జీతంలోంచే తీరుస్తాను. అమ్మ గది మాత్రం అమ్మను. సోమవారం నేను రాను."

గోచా చెయ్యి జేబులోకి పోయింది. తెర చూశాడు.

"మూసేశావా? మ్యాచ్ ఇంకా నడుస్తోందే! నా డబ్బు మొత్తం అందులోనే ఉందే!"

ఇంగా ఫోర్కు నోటి దగ్గర ఆగిపోయింది. నెస్తాన్ ఓతార్ వైపు చూసింది. విన్నాడు. చట్టం తెలిసినవాడు. ఒక్క మాట చాలు. ఓతార్ గ్లాసుని వెలుతురుకి ఎత్తిపట్టి ద్రాక్షసారా రంగు పరీక్షగా చూశాడు.

"ఆ కుక్క అరుపుల్లో నాకేం వినపళ్ళేదు" అన్నాడు. "తామాదా, తర్వాత ఎవరికోసం తాగుదాం?"

ఆ ఇంట్లో కుక్క లేదు.

నెస్తాన్ ఖాళీ పళ్ళాలు తీసుకుని వంటింట్లోకి నడిచింది. వెనకే జుజునా వచ్చి తలుపు మూసింది.

"నాకు మొదట్నించీ తెలుసు" అంది మెల్లగా. గొంతులో కోపం కూడా లేదు. "మగాడి పేరు పోతే ఇల్లు కూలుతుంది. ఆడదాని పేరు పోతే ఏం పోతుంది, నాలుగు రోజులు నవ్వుకుంటారు. మీ మావయ్య గిడ్డంగి డబ్బు తిన్నప్పుడు, నగల పిచ్చి నాదేనని నేను ఊరంతా చెప్పుకోలేదూ? నేను మొయ్యలేదూ? నువ్వేం పైనుంచి దిగొచ్చావా? ఆ పళ్ళాలు కడిగి రా."

ఒక్క క్షణం నెస్తాన్‌కి ఆమె మీద జాలేసింది. అది పోయేలోపే ఏప్రన్ విప్పి మర పిడికి తగిలించి, వసారాలోకి నడిచి కోటు అందుకుంది. జేబులో అమ్మ గది తాళంచెవి ఉంది.

ముందుగదిలో మగవాళ్ళు పాట ఎత్తుకున్నారు. గోచా తలుపు చేరవేసి ఆమె వెనకే వచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది. గొంతు ఆ వసంతం నాడు ఉన్నంత మెత్తగా ఉంది.

"కోపమొచ్చి ఏదో అన్నాను. పొద్దుటిదాకా తెరుచుకుంటుందట. ఈ ఒక్క మ్యాచే, ఒట్టు. గది ఊసు ఇంకెత్తను." ఫోన్ ఎత్తి ఆమె మొహానికి ఎదురుగా పట్టాడు. "ఎంత బావున్నావో తెలుసా? నెస్తాన్, ఒక్కసారి ఇటు చూడు."

ఎదురుగా గోడ అద్దంలో ఆమె జుట్టు మీద మొక్కజొన్న పిండి చార కనిపించింది. ఈసారి చెయ్యి జుట్టు మీదికి పోలేదు. తలుపు గడియ మీదికి పోయింది.