పిల్లి లేని మిద్దె

పిల్లిని గోనెసంచిలో మూటగట్టి, ఆటోలో మూసీ అవతలికి తీసుకెళ్లి వదిలేసి వచ్చిన నాడు జుల్ఫికర్ కంటినిండా నిద్రపోయాడు. చంపితే పాపం, వదిలేస్తే పాపం లేదన్నది మొఘల్‌పురాలో పావురాలు పెంచేవాళ్ల నమ్మకం. ఆ బూడిదరంగు పిల్లి అతని పావురాల్లో రెండింటిని ఎత్తుకుపోయింది. ఒకటి అతని తండ్రి పెంచిన తెల్లతోక జాతిది. తండ్రి పోయాడు, ఇప్పుడు ఆ జాతిలో మిగిలింది ఇక ఒక్క జంటే. ఆడది ముసలిదైపోతోంది.

మిద్దె మీది గూట్లో ఆ జంట గుడ్లు పెట్టింది. రెండు రోజులు కాకముందే గూడు ఖాళీ అయింది. కింద కొరికిన పెంకులు, తడి మరక.

జుల్ఫికర్‌కు మొదట తట్టింది పిల్లే. అది తిరిగి వచ్చిందేమోనని పిట్టగోడ పొడుగునా వెతికాడు. తర్వాత కాకిని అనుమానించాడు, ఆ తర్వాత గద్దను. మనసుకు ఒక్కసారి శత్రువు ముఖం దొరికితే, ఆ ముఖం పోయినా మనసు దాని చోటును ఖాళీగా ఉండనివ్వదు. భార్య హిబా మాత్రం పావురాల మేతకు తెచ్చిన జొన్నల బస్తాకు పడిన చిల్లు చూపించింది. ఆ సాయంత్రం అతను మెట్ల మీద కదలకుండా కూర్చుని చూశాడు. చీకటి పడుతుండగా బస్తా వెనక నుంచి ఎలుకలు వచ్చాయి. ఒకదాని వెంట ఒకటి, తమ ఇంట్లో తాము తిరుగుతున్నట్టు. వాటిలో ఏ ఒక్కదాన్నీ ద్వేషించడానికి అతనికి వీలు చిక్కలేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

బోను పెడితే ఒకటి పడేది, మర్నాటికి దాని చోటులోకి ఇంకొకటి వచ్చేది. ఎలుకల మందు పెడదామంటే పావురాలు తింటాయని భయం. ఈలోగా ముసలి ఆడపావురం మళ్లీ గుడ్లు పెట్టింది. ఇవి కూడా పోతే ఇక పెట్టదని అతనికి తెలుసు. తిండి సహించలేదు.

వెనక గల్లీలో బర్రెలున్న రాజమణి పాలు పోయడానికి వచ్చి, అతని ముఖం చూసి సంగతేమిటని అడిగింది. అంతా విని నవ్వింది.

"ఏంది జుల్ఫీ భాయ్, పావురాలను సాదుతున్నవా, ఎలుకలనా? జొన్నలు నువ్వే పోస్తివి, పిల్లిని నువ్వే పంపిస్తివి. ఇగ వాటికేం ఫికర్?"

"అది నా పావురాలను తిన్నదక్కా."

"తింటది. పిల్లి గదా. ఎప్పుడన్న ఒకటి. గిప్పుడు గుడ్లు మొత్తానికే పోతున్నయ్ గదా."

ఆ మిద్దె తనదనీ, అక్కడ ఎవరుండాలో ఎవరుండకూడదో తనే తేల్చగలననీ ఇన్నాళ్లూ అనుకున్నాడు. అడగడానికి నామోషీ పడుతూనే, ఆమె బర్రెల కొట్టంలో తిరిగే పిల్లుల్లో ఒకదాన్ని ఇమ్మన్నాడు.

"ఇస్త గని, రేపొక పావురం పోతే నాతోని లొల్లి పెట్టొద్దు."

పెట్టనన్నాడు. నల్లచారల పిల్లిని తెచ్చి మెట్ల మీద కట్టి మేపాడు. అది ఇంటికి అలవాటు పడ్డాక వదిలాడు. తండ్రి ఎన్నడూ కొట్టని ఇనుపతీగ జాలీని తెల్లతోక జంట గూటికి కొట్టాడు. మొదటి రోజు పావురాలన్నీ బెదిరి ఒక్కసారిగా లేచాయి. అతని గుండె కూడా లేచింది. అయినా పిల్లిని అదిలించలేదు. బస్తా వెనక చప్పుడు రోజురోజుకీ తగ్గింది.

ఒక ఉదయం మిద్దె ఎక్కేసరికి జాలీ లోపల, గూటి అంచున పెంకు కనిపించింది. జాలీ అంచు పైకెత్తి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పొడిగా ఉంది. అంచు ఎక్కడా కొరికినట్టు లేదు. లోపలి నుంచి చుట్టూ పొడుచుకుంటూ వచ్చి మూత తీసినట్టుంది. పొదిగిన పావురం పెంకును గూటి అంచుకు తెచ్చి పడేస్తుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వేలితో ముసలి ఆడదాని రెక్క మెల్లగా ఎత్తాడు. పసుపు నూగుతో, కళ్లు ఇంకా తెరవని పిల్ల వణుకుతూ మెడ ఎత్తింది.

పిట్టగోడ మీద పిల్లి ఎండకు ఒళ్లు విరుచుకుంటూ గూళ్ల వైపే చూస్తోంది. చూడనీ అనుకున్నాడు జుల్ఫికర్. అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.