రంగుల కొట్టు అబ్బాయి కూర్చున్న సీటు

పొద్దున్నే సినిమా హాలు తలుపులు తీయగానే సీట్లమ్మాయి చేసే మొదటి పని, వరసల మధ్య నడుస్తూ ఒక్కో సీటునీ అరచేత్తో నొక్కుకుంటూ పోవడం. పెదాల మధ్య చిన్న మేకులు, చంకలో రెక్సిన్ ముక్క, నడుముకి వేలాడే సుత్తి. స్ప్రింగు కిర్రుమన్నచోట ఆగుతుంది. కుట్టు విచ్చుకున్నచోట చతికిలబడుతుంది. హాల్లో సీట్లు బాగుచేసే పని ఆమెది, అంతకుముందు వాళ్ళమ్మది. టికెట్లు ఇచ్చే పని పిన్నిది. అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరే.

నొక్కినప్పుడల్లా సీట్లు పలుకుతాయి. సినిమా చూస్తుంటే మనిషి గుండె ఎక్కడ కరిగితే అక్కడి సంగీతం అతని కింద ఉన్న స్పాంజిలోకి దిగిపోతుంది. మాటలు దిగవు, సంగీతమే దిగుతుంది. తర్వాత ఎవరు నొక్కినా నిద్రలో ఊపిరి వదిలినట్టు మెల్లగా బయటికొస్తుంది. సినిమా నడుస్తున్నంతసేపూ మాత్రం సీట్లు బుద్ధిగా నోరు మూసుకుంటాయి. ఆ మర్యాద చాలామంది ప్రేక్షకులకి లేదని పిన్ని అంటుంటుంది.

ఎవరి సీటు వాళ్ళకుంది. మూడో వరస చివర్లో వాన సంగీతం ఉంది. నీళ్ళ చప్పుడు లేదు, వేళ్ళతో తబలా మీద చినుకులు రాల్చినట్టుంటుంది. రిటైరైన పోస్టుమాస్టరు ఆ సీటు ఖాళీ లేదంటే సినిమా మానేసి ఇంటికెళ్ళిపోతాడు. బాల్కనీలో ఒక జోలపాట ఉంది. పిల్లలకి పళ్ళొచ్చే రోజుల్లో తల్లులు దానికోసం కొట్లాడుకుంటారు. వెనక వరసంతా ఫైటింగు డ్రమ్ములే. నడుంనొప్పి ఉన్నవాళ్ళకి పిన్ని అక్కడ టికెట్టివ్వదు.

సంబంధం కుదిరే ముందు అబ్బాయినీ అమ్మాయినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒక సినిమా చూపించడం ఆ ఊరి పద్ధతి. మర్నాడు పొద్దున, హాలు ఊడవకముందే, పెద్దలొచ్చి రెండు సీట్లూ నొక్కి వింటారు. రెండూ పలికితే స్వీట్లు పంచుతారు. ఒకటి పలకకపోతే ఎవరి దారిన వాళ్ళు పోతారు. మాటల్లో అబద్ధం ఆడొచ్చు గానీ స్పాంజి దగ్గర ఎవరి ఆటలూ సాగవు కదా!

సీట్లమ్మాయి ఎన్నో సంబంధాలకి సీట్లు సిద్ధం చేసింది. ఈసారి తన వంతు.

అబ్బాయి ఎదురు వీధిలో రంగుల కొట్టు అబ్బాయి. సీట్ల ఇనపకాళ్ళకి వేసే రంగు పాత రెక్సిన్‌తో కలవాలని ఆమె ఒకరోజు ఒక ముక్క పట్టుకెళ్ళింది. అతను డబ్బాలో కలిపి, బొట్టు తీసి తన బొటనవేలి గోరు మీద పెట్టుకుని, రెక్సిన్ పక్కన ఆనించి చూశాడు. "ఇది కాదు," అన్నాడు. మళ్ళీ కలిపాడు. "ఇదీ కాదు." ఆమెకి అప్పటికే బాగానే ఉంది, చాలు అనబోయింది. అతను ఒప్పుకోలేదు. ఆఖరికి గోరేదో రెక్సినేదో తెలియనట్టు కుదిరాక తలెత్తి నవ్వాడు. ఆ నవ్వు ఆమెతో పాటు హాలుదాకా వచ్చింది. ఆ తర్వాత ఇనపకాళ్ళకి అవసరానికి మించి రంగులు పడ్డాయి.

అతన్ని పెంచింది వాళ్ళక్క. కొట్టు కూడా ఆవిడ చేతిమీదే నడుస్తుంది. సంబంధం మాట పిన్ని ఎత్తితే, "సీటు ఏమంటుందో చూద్దాం," అంది.

సినిమాకి ముందురోజు సీట్లమ్మాయి రెండు సీట్లూ విప్పింది. పాతవాళ్ళ సంగీతం కలవకూడదని కొత్త స్పాంజి వేసింది. తనదానికి మామూలుగా వేసింది. అతనిదానికి వచ్చేసరికి మనసాగలేదు. ఇంకో పొర వేసింది. మెత్తగా ఉండాలని మరో పొర కుక్కింది. రెక్సిన్ అందకపోతే మోకాలుతో అదిమి లాగి మేకులు కొట్టింది. సీటు ఉబ్బి, నున్నగా మెరిసింది.

"ఏమే, సీటు కుట్టావా, గుమ్మడికాయ కుట్టావా?" అంది పిన్ని.

"కూర్చుంటే సర్దుకుంటుందిలే పిన్నీ."

మర్నాడు మ్యాట్నీకి నలుగురూ వెళ్ళారు. అక్కా పిన్నీ వాళ్ళ వెనక వరసలో కూర్చున్నారు. అతను తన సీట్లో కూర్చుని, కాస్త ముందుకి జరిగి, ఇద్దరి మధ్య చేతులు ఆనించుకునే చెక్కని పట్టుకున్నాడు.

"సీటు బాగుందా?" అని మెల్లగా అడిగింది.

"చాలా బాగుందండీ," అన్నాడు.

మొదటి పాట అయిపోయింది. తర్వాత హాస్యగాడు బీరువాని వీపు మీద మోస్తూ మేడమెట్లెక్కే ఘట్టం వచ్చింది. మెట్టు మెట్టుకీ ఒక లావుపాటి బాకా 'బుం... బుం...' మని ఆయాసపడుతుంది. పైకెక్కాక అది వేరేవాళ్ళ ఇల్లని తెలుస్తుంది. అదే బాకా దిగాలుగా కిందికి దిగుతుంది. సీట్లమ్మాయికి నవ్వాగలేదు. కళ్ళనీళ్ళు కారుతుంటే చేతికందినదాన్ని దబదబా బాదేసింది. పక్కనుంచి 'అబ్బా' అని వినిపించింది గానీ, హాలంతా పడీపడీ నవ్వుతుంటే ఎవరన్నారని చూస్తుంది?

చివర్లో నాయిక రైలెక్కి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయినప్పుడు ఒంటరిగా వేణువు మోగింది. ఇదే తన సీట్లోకి దిగుతుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున పెద్దలు చేరారు. సీట్లు నొక్కేది ఎప్పుడూ గేటు దగ్గర టార్చి పట్టుకుని నిలబడే తాత. ముందు ఆమె సీటు నొక్కాడు. వేణువు వచ్చింది, పల్చగా, చివర కొంచెం వణుకుతూ.

"గట్టి వేణువు," అన్నాడు తాత. "పదికాలాల పాటు ఉంటుంది."

తర్వాత అతని సీటు నొక్కాడు. 'ఫుస్' మంది. మళ్ళీ నొక్కాడు. రెండు చేతులూ వేసి ఒంటి బరువంతా మోపాడు. సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు ఇంకోసారి 'ఫుస్' మంది, అంతే.

అక్క ముందుకొచ్చి తనే కూర్చుని చూసింది. జర్రున జారి లేచి నిలబడింది.

"ఏం లేదు," అంది.

"నాకు నచ్చిందక్కా," అన్నాడు రంగుల కొట్టు అబ్బాయి. చెవులు ఎర్రబడ్డాయి.

"నచ్చిందని నోటితో ఎవరైనా అంటారురా. రేపు కాపురంలో ఆ పిల్ల ఏడిస్తే నేనేం సమాధానం చెప్పాలి?"

"అక్కా, నిజంగానే..."

"నువ్వు ఊరుకో. అమ్మా, నీ తప్పేం లేదు తల్లీ. నీ వేణువు బంగారం. మావాడిదే రాయి."

అలా అనేసి, వచ్చే ఆదివారం అదే హాల్లో ఐసు ఫ్యాక్టరీ వాళ్ళమ్మాయితో అతనికి సినిమా అని పిన్నికి చెప్పి, రెండు టికెట్లు కూడా రాయించుకుని వెళ్ళిపోయింది. అతను గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు.

కూతురు లాంటి పిల్లని కౌగిలించుకుని ఏడుద్దామనుకుంది పిన్ని. సీట్లమ్మాయి ఏడవలేదు. నోట్లో మేకులున్నాయి.

"మనసు లేనివాడని ముందే తెలిసింది, పోనీ," అంది పిన్ని.

సీట్లమ్మాయి తలూపింది. నాలుగు రోజులు హాల్లో పని చేసుకుంటూ తిరిగింది. సినిమా అయినప్పటినుంచి ఆ రెండు సీట్లకీ పిన్ని ఎవరికీ టికెట్టివ్వలేదు. వేణువున్న సీటు దగ్గరికొస్తే మాత్రం నొక్కకుండా దాటిపోయేది. రాయి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. గోరు మీద రంగు పెట్టుకుని 'ఇది కాదు' అన్న మనిషి గుర్తొచ్చి కోపం కుదిరేది కాదు.

శనివారం పిన్ని మొహమాటపడుతూ వచ్చింది. "రేపటికి ఆ రెండు సీట్లూ మళ్ళీ కుట్టాలే. వేరే ఎవరినైనా పిలవనా?"

"ఎందుకు? నా పనే కదా."

అతని సీటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మేకులు పీకింది. రెక్సిన్ తొలగించి చూస్తే స్పాంజి వేసినది వేసినట్టే ఉంది. నడుమ గుంట లేదు. మనిషి కూర్చున్న జాడే లేదు. ముందు అంచున మాత్రం పిడికెడు మేర నలిగి ఉంది.

అప్పుడర్థమైంది. తను ప్రేమగా కుక్కిన పొరలే అతన్ని లోపలికి రానివ్వలేదు. సినిమా అంతసేపూ పాపం చెక్క పట్టుకుని అంచు మీద వేలాడాడు. సీటులోకి ఏం దిగుతుంది, దాని మీద మనిషే లేకపోతే?

అర్థమైతే అయింది గానీ, ఈ మాట అక్కతో చెప్తే నమ్ముతుందా? తప్పిన సంబంధం కోసం కథలల్లుతోందంటుంది. సీట్లమ్మాయి సుత్తి పక్కన పెట్టి, లేవడానికి రెండు సీట్ల మధ్య చెక్క మీద చెయ్యి ఆనించింది.

'బుం.'

చెయ్యి తీసేసింది. మళ్ళీ మెల్లగా పెట్టి నొక్కింది. 'బుం... బుం... బుం...' లావుపాటి బాకా మెట్లెక్కుతోంది.

ఈ చెక్కలన్నీ ఇదివరకు ఒట్టి చెక్కలే. రెక్సిన్ ముక్కలు మిగిలిపోతున్నాయని పోయినేడే ఆమె వాటికి పల్చగా స్పాంజి పరిచి తొడుగులు కుట్టింది. వాటిని ఎవరూ ఎప్పుడూ నొక్కి వినలేదు. వినాలని ఎవరికి తోస్తుంది?

స్క్రూడ్రైవరు తీసుకుంది. నాలుగు స్క్రూలూ ఊడదీసి జేబులో వేసుకుంది. చెక్కని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వీధి దాటింది. దారిలో ఎక్కడ చెయ్యి తగిలిందో, ఒక 'బుం' జారిపడింది. బండి మీద పళ్ళమ్మేవాడు, "బీరువా ఎవరిదమ్మా?" అన్నాడు. వాడూ ఆ సినిమా చూశాడు.

కొట్లో అక్క లెక్క చూసుకుంటోంది. వెనక రంగు డబ్బాలు కుదిపే మిషను గడగడలాడుతోంది. దాని పక్కన రంగుల కొట్టు అబ్బాయి నిలబడి ఉన్నాడు.

"ఏంటమ్మా ఇది?" అంది అక్క.

"చెయ్యి పెట్టి నొక్కండి."

"రేపు మావాడికి..."

"నొక్కి చూడండక్కా. ఆ తర్వాత మీ ఇష్టం."

అక్క నొక్కింది. బాకా మెట్లెక్కింది. అక్క పెదవి బిగించింది. ఇంకోసారి నొక్కింది. బాకా దిగాలుగా దిగింది. ఆవిడ మూతి ఒకపక్కకి వంకర పోయింది, నవ్వు వస్తుందేమోనని ఆవిడ భయం.

"ఇదేం సంగీతం! గుండె కరిగే సంగీతమేనా ఇది? ఎవరికైనా బీరువా మోస్తుంటే మనసు పుడుతుందా?"

మిషను ఆగిపోయింది. రంగుల కొట్టు అబ్బాయి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"అప్పుడు తను నవ్విందక్కా," అన్నాడు.

"అయితే?"

"నవ్వి, బాదింది. కింద నా చెయ్యుంది." కుడిచెయ్యి చూపించాడు. వేళ్ళ మీద కమిలిన గుర్తు పచ్చబడి ఇంకా ఉంది. "తీసేద్దామనుకున్నా. మళ్ళీ నవ్వుతుందేమోనని ఉంచేశా."

అక్క చెక్కనీ, ఆ చేతినీ, సీట్లమ్మాయినీ మార్చి మార్చి చూసింది.

"నేను ఈ పద్ధతుల మధ్యే పుట్టి పెరిగాను," అంది చివరికి. "చెక్క పలకడం ఎప్పుడూ వినలేదు."

"నేనూ వినలేదు," అంది సీట్లమ్మాయి.

అక్క ఫోను తీసి ఐసు ఫ్యాక్టరీకి కలిపింది. "వదినా, రేపు వద్దులే. మావాడు దొరికాడు," అని పెట్టేసింది. అవతలివాళ్ళకి ఏం అర్థమైందో తెలియదు. ఆదివారం వాళ్ళమ్మాయి తల్లితో కలిసి బాల్కనీలో సినిమా చూసి, హాయిగా నిద్రపోయింది.

"దాన్ని ఉన్నచోట బిగించెయ్యండి ముందు," అంది అక్క వాళ్ళిద్దరితో. "హాలువాళ్ళ సామాను."

ఇద్దరూ హాలుకి తిరిగొచ్చారు. అతను చెక్క పట్టుకున్నాడు, ఆమె స్క్రూలు బిగించింది. తర్వాత అతని సీట్లోంచి అదనపు పొరలు లాగేసి, రెక్సిన్ మళ్ళీ కప్పి, మేకులు కొట్టింది. కొడుతూ అడిగింది.

"ఆ రోజే చెప్పొచ్చు కదా, జారుతోందని?"

"మీరే కుట్టారని మీ పిన్ని చెప్పారు. బాలేదని ఎలా అంటాను?"

సీట్లమ్మాయి నోట్లో మేకులన్నీ అరచేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు కూర్చో."

తెర ఖాళీగా ఉంది. పైన ఒక్క దీపమే వెలుగుతోంది. అతను కూర్చుని, జాగ్రత్తగా, ఇంచించు చొప్పున వెనక్కి జరిగాడు. ఆఖరికి వీపు ఆనింది. అనుమానంగా కిందికి చూసుకున్నాడు.

"ఈసారి కాళ్ళు నేలకి అందుతున్నాయి," అన్నాడు.