మడవరాని వ్యాసం

బంగాళాదుంపల తవ్వకానికి ఇచ్చిన సెలవులు అయిపోయి, గోళ్లలో ఇంకా మట్టితోనే పిల్లలు బడికి వచ్చారు. మేన్ రాష్ట్రం ఉత్తరాన ఉన్న ఆ ఊళ్లో అక్టోబరు ఎప్పుడూ ఇంతే. ఇంగ్లిష్ చెప్పే హాల్‌గ్రెన్ మేడమ్ ముందుగా కిటికీలన్నీ బిగించేసింది. వ్యాసం గాలికి పడిందో, తన బలహీనతకే పడిందో తెలియాలి కదా.

ఆ బళ్లో వ్యాసాలు నిలబడతాయి. బల్ల మీద పెట్టి మేడమ్ పైకి చదవడం మొదలెడితే ఉపోద్ఘాతం లేస్తుంది. తర్వాత ఒక్కో పేరా లేచి దానికి భుజం ఆనిస్తుంది. చెప్పదలచుకున్న అసలు మాటను పేరాలన్నీ మోస్తే వ్యాసం చివరిదాకా నిలుస్తుంది, లేకపోతే డొల్ల ఉన్నచోట కూలుతుంది. పక్క ఊళ్లో మార్కులు వేస్తారట. ఇక్కడ ఆ శ్రమ లేదు.

ఆల్వినా థిబొడో వ్యాసం మళ్లీ మూడో పేరా దగ్గర కూలింది.

"ఒసేయ్, ఓ కర్ర కొనిపెట్టవే దానికి!" అంది పక్కనున్న కోరలీ.

"నీది నిలబడిందిలే, తాగినోడిలా ఊగుతూ!"

మాటకు మాట అనేసింది గానీ ఆల్వినాకి లోపల దిగులుగానే ఉంది. నర్సింగ్ కాలేజీవాళ్లు అడిగేది ఒక్కటే, క్లాసులో నిలబడ్డ వ్యాసం. శుక్రవారం దాటితే ఆ సీటు లేదు.

రాయాల్సింది పాఠంలో ఉన్న కథ గురించి. భర్త నదిలో కొట్టుకుపోయాక ఒకావిడ భోజనాల బల్ల దగ్గర అతని కుర్చీ ముందు కంచం పెడుతూ ఉంటుంది. ఆ కంచం దేనికి ప్రతీక? ఆశకు. మేడమ్ ఏటా అదే చెబుతుంది, పిల్లలు అదే రాస్తారు. నమ్మి రాస్తారు కాబట్టి వంకరగానైనా నిలబడతాయి. ఆల్వినాకి మాత్రం ఆ మాట గొంతు దిగలేదు.

ఆ సాయంత్రం నాన్న రెనాల్డ్ పెనం మీద గోధుమరంగు ప్లోయ్ అట్లు పోస్తుంటే, ఆల్వినా మళ్లీ కథ తీసింది.

"చల్లారిపోతాయే, తిను."

"నాన్నా, ఈవిడ ఆ కంచంలో ఏమీ వడ్డించదు."

"పొదుపు మనిషేమో."

"అబ్బా, విను! అసలు రోజూ పెట్టదు. మరిది వచ్చిన రోజే పెడుతుంది. తక్కిన రోజులు బీరువాలోనే ఉంటుంది."

"మరిదెందుకొస్తాడు?"

"పొలం తన పేర పెట్టించుకోవడానికి." అనేసి, తిండి మాట మరిచి పెన్ను అందుకుంది.

శుక్రవారం మేడమ్ ఆ కాగితాలు చేతిలోకి తీసుకుని మొదటి పేరా చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. "కంచం ఆశ కాదు. అది గోడ."

"ఆల్వినా, నేను ఇరవై ఏళ్లుగా..."

"తెలుసు మేడమ్. ముందుకు చదవండి."

మేడమ్ కాగితాలు బల్ల మీద పెట్టి చదివింది. వడ్డించని కంచం లేచింది. మరిది వచ్చిన రోజులు లేచాయి. మూడో పేరా కూడా లేచి భుజం ఆనించింది. అంతలో వ్యాసం మెల్లగా ముందుకు వాలసాగింది.

"ముగింపేదీ?" అంది మేడమ్.

"పొద్దున రాస్తుండగానే బస్సొచ్చేసింది మేడమ్, రాయలేదు." ఆల్వినా లేచి నిలబడింది. "చెబుతాను. ఆవిడ మొగుడి కోసం చూస్తోందని ఊరంతా అనుకుంది. ఆవిడ అనుకోనిచ్చింది. దుఃఖంలో ఉన్న ఆడదాని ముందు ఆ కుర్చీలో కూర్చునే ధైర్యం ఎవడికుంటుంది? అలా పొలం నిలబెట్టుకుంది. మనం జాలిపడి, ఆవిడ తెలివి చూడలేదు."

వ్యాసం నిటారుగా అయింది.

"అదే రాయి," అని మేడమ్ పెన్సిల్ ఇచ్చింది. నిలబడ్డ కాగితం మీదే ఆల్వినా రాసింది. మేడమ్ వేలితో నెట్టింది, తర్వాత అరచేత్తో నెట్టింది. కదల్లేదు.

"నాకింకా ఆశే అనిపిస్తోంది," అంది మేడమ్. "కానీ నీది నిలబడింది."

చిక్కేమిటంటే, తర్వాత అది పడుకోనంది. మడవబోతే మడతపడలేదు, కవరులో పట్టలేదు. రెనాల్డ్ దాన్ని ట్రక్కులో తన పక్క సీట్లో నిలబెట్టి బెల్టు పెట్టాడు. ఆల్వినా వెనక దుంపల పీపాల మధ్య కూర్చుంది.

కాలేజీ ఆఫీసులో దరఖాస్తులన్నీ దొంతరగా పడుకుని ఉన్నాయి. గుమాస్తావిడ కళ్లజోడు సవరించుకుంది.

"ఎవరిదిది?"

"నాది."

ఆవిడ సొరుగులో పెట్టి చూసింది. పట్టలేదు. బీరువాలో అరలు చాలలేదు. చివరికి రెండు చేతులా ఎత్తి, ఎదురుగా ఉన్న క్లాసులోకి తీసుకెళ్లి, ముందు వరసలో ఒక బల్ల మీద నిలబెట్టి, తలుపు దగ్గరగా వేసింది.

జనవరిలో ఆల్వినా చేరేదాకా ఆ బల్ల ముందున్న కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.